జరిగిపోయే పొలిమేర: ఢిల్లీ చెత్త చరిత్రలో జనక్‌పురి

పశ్చిమ ఢిల్లీలో జనక్‌పురికి సమీపాన హస్త్‌సాల్ అనే పాత గ్రామం ఉంది. ఇరుకు సందులు, మూడు నాలుగు అంతస్తుల ఇళ్ళు, తలపై వేలాడే విద్యుత్ తీగల మధ్య చిక్కుకొని, అది నేడు గ్రామమన్న పేరును మాత్రమే మిగుల్చుకొన్నది. ఆ ఇళ్ళ నడుమ ఇటుకలతో కట్టిన ఒక మీనారు కనిపిస్తుంది. మొగలు చక్రవర్తి షాజహాన్ కాలంలో, 17వ శతాబ్ది మధ్యభాగంలో, వేట విడిదిలో భాగంగా దీనిని నిర్మించారు. ఒకప్పుడు ఐదంతస్తులుండేదని చెప్పే ఈ కట్టడంలో ఇప్పుడు నిలిచినవి మూడే. పూర్వం ఇక్కడ నీటి మడుగులుండేవనీ, ఏనుగులు వచ్చి సేద తీరేవనీ, హస్తిస్థలమే క్రమంగా హస్త్‌సాల్ అయినదనీ స్థానికులు చెప్పుకొంటారు.

ఇదే గ్రామం పేరు ఏ శిల్పచరిత్ర గ్రంథంలోనూ చేరని మరొక జాబితాలో కూడా కనిపిస్తుంది. ఢిల్లీ నగరం చెత్తతో పూడ్చి, నిండిన తరువాత మూసివేసిన స్థలాల జాబితా అది. జనక్‌పురికి మరొక దిక్కున ఉన్న తిలక్ నగర్ పేరు కూడా అందులో ఉంది. చక్రవర్తి వేటకు వచ్చిన చోటికే మూడు శతాబ్దాల అనంతరం మునిసిపాలిటీ లారీలు రావడం కేవలం యాదృచ్ఛికమనుకోలేము. రెండింటికీ మూలకారణం ఒకటే. నాడు అది నగరానికి పొలిమేర. రాజధానికి వినోదం కావలసినప్పుడు పొలిమేర అడవిగా ఉపయోగపడింది. చెత్త వదిలించుకోవలసి వచ్చినప్పుడు గుంటగా ఉపయోగపడింది.

ఢిల్లీ చెత్త చరిత్రను పరిశీలించినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. నగరం తన చెత్తను ఏమి చేయాలని ఆలోచించిన సందర్భాలు స్వల్పం. ఎక్కడ పోయాలని ఆలోచించిన సందర్భాలే అధికం. ఆ రెండవ ప్రశ్నకు ప్రతి తరంలోనూ లభించిన సమాధానం పొలిమేర. అయితే నగరం పెరిగిన కొద్దీ పొలిమేర జరిగిపోతుంది. నిన్నటి పొలిమేర నేటి కాలనీ అవుతుంది. జనక్‌పురి కథ అదే.

ఎరువుగా ఉన్న కాలం

వీధుల పరిశుభ్రత పాలకుల బాధ్యత అన్న భావన మన దేశానికి కొత్తది కాదు. వీధిలో మట్టి, చెత్త పోసినవానికి పణంలో 8వ వంతు, బురదనీటిని నిలిపినవానికి 4వ వంతు జరిమానా విధించాలని, రాజమార్గమైతే అది రెట్టింపు కావాలని కౌటిల్యుని అర్థశాస్త్రం నిర్దేశించింది. శిక్షాస్మృతి ఉన్నదంటే నేరమూ ఉన్నదనే అర్థం. అయినా ఆనాటి చెత్తకూ నేటి చెత్తకూ మౌలికమైన భేదం ఉంది. బూడిద, పేడ, ఆకులు, ఆహార శేషాలు, మానవ మలం — వీటన్నిటికీ పొలంలో స్థానముండేది. తెలుగు పల్లెల్లో పెంట అన్న మాటకు మాలిన్యమనీ ఎరువనీ రెండర్థాలూ ఉండడం గమనింపదగినది. ఇంటి వెనుక పెంటదిబ్బ ఆ ఇంటి ఆస్తి. వేసవిలో దానిని బండ్లతో పొలానికి తోలుకొనేవారు.

1639లో షాజహాన్ శంకుస్థాపన చేసిన షాజహానాబాద్ నగరం కూడా ఇదే సూత్రంపై నడిచింది. ఇళ్ళలోని మలినాన్ని ఎత్తే కులాలవారికి ఒక్కొక్క కుటుంబానికి కొన్ని ఇళ్ళపై వంశపారంపర్యమైన హక్కుండేది. వారు సేకరించిన దానిని నగరం వెలుపలి రైతులు కొనేవారు. ఈ ఏర్పాటులో అస్పృశ్యత క్రూరంగా ఉంది. దానిని ఆదర్శంగా చిత్రించడం చరిత్రకు అపచారం. అయితే పారిశుద్ధ్య కార్మికులకు ఆ కాలంలో ఒక బేరం చేయగల శక్తి ఉండేదన్నది కూడా వాస్తవమే. వారు పని మానితే ఆ వాడకు మరొకరు వచ్చేవారు కారు.

1857 తిరుగుబాటు అణచివేత తరువాత 1863లో ఢిల్లీ మునిసిపాలిటీ పని ప్రారంభించింది. చెత్తకు ధర పలుకుతున్నదని దానికి త్వరలోనే అర్థమైంది. మలినాన్ని సేకరించి అమ్ముకొనే హక్కును 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో మునిసిపాలిటీ క్రమంగా తన చేతిలోకి తీసుకొన్న తీరును చరిత్రకారుడు విజయ్ ప్రసాద్ ఢిల్లీ వాల్మీకులపై 2000లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఆ మార్పుతో కార్మికుడు మునిసిపాలిటీకి జీతగాడయ్యాడు. పని పాతదే, కులం పాతదే, చీపురు పాతదే. పోయినదల్లా ఆ పని ఫలంపై అతనికున్న హక్కు.

దాదాపు అదే కాలంలో ఐరోపా నగరాలు కూడా ఈ సమస్యతో పెనుగులాడుతున్నాయి. ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ పట్టణం 1874లో చెత్తను కాల్చే కొలిమిని నెలకొల్పింది. ప్యారిస్ పాలనాధికారి యూజీన్ పూబెల్ 1883-84లో ప్రతి ఇంటిముందూ మూత గల తొట్లు పెట్టాలని, కుళ్ళేవి ఒకదానిలో, కాగితాలు గుడ్డలు ఒకదానిలో, గాజు పింగాణి ముక్కలు మరొకదానిలో వేయాలని ఉత్తర్వు చేశాడు. ఫ్రెంచి భాషలో చెత్తతొట్టికి అతని పేరే స్థిరపడింది. ఆ ఉత్తర్వును ఎక్కువగా వ్యతిరేకించినవారిలో వీధుల్లో చెత్త ఏరుకొని బ్రతికే పేదలున్నారు. తొట్టి మూతపడితే తమ పొట్ట మాడుతుందని వారి భయం. చెత్త గురించి ఏ సంస్కరణ తలపెట్టినా దానిపై ఆధారపడిన మనుషులెవరని ముందుగా అడగాలన్న పాఠం అప్పుడే లభించింది.

పొలాలు కాలనీలైన వైనం

1911లో ఢిల్లీ జనాభా సుమారు 4 లక్షలు. 1941 నాటికి 9 లక్షలు దాటింది. దేశవిభజన శరణార్థుల రాకతో 1951 నాటికి 17 లక్షలు మించింది. పశ్చిమ పంజాబు నుండి వచ్చిన కుటుంబాల కోసం తిలక్ నగర్, రాజౌరీ గార్డెన్, పటేల్ నగర్ వంటి కాలనీలు పశ్చిమ దిక్కున వెలిశాయి. 1957లో ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1958 ఏప్రిల్ 7న ఢిల్లీ నగరపాలక సంస్థ ఉనికిలోకి వచ్చింది. 1962లో తొలి బృహత్ ప్రణాళిక అమలులోకి వచ్చింది. ఆ ప్రణాళికా కాలంలో అభివృద్ధి సంస్థ పొలాలను సేకరించి నిర్మించిన పెద్ద నివాస ప్రాంతాలలో జనక్‌పురి ఒకటి. 1970లలో ఇక్కడ ఇళ్ళు వేగంగా లేచాయి. ఏ, బీ, సీ, డీ అని అక్షరాలతో విభజించిన బ్లాకులు, వాటి మధ్య పార్కులు, బజార్లు, జిల్లా కేంద్రం — అంతా కాగితంపై గీసిన క్రమంలోనే వచ్చాయి. అసలత్‌పుర్, పొసంగీపుర్, నంగ్లీ జాలిబ్ గ్రామాలు ఈ బ్లాకుల నడుమ ద్వీపాలుగా మిగిలిపోయాయి.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసే మధ్యతరగతి ఉద్యోగులు పెద్ద సంఖ్యలో ఇక్కడికి చేరారు. వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఢిల్లీలో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ తన పాఠశాలలలో ఒకదానిని జనక్‌పురిలో నడుపుతున్నది. పెరట్లో పెంటదిబ్బ ఉన్న ఇళ్ళలో పుట్టిన తరం వచ్చి పెరడే లేని ఫ్లాట్లలో కాపురముండవలసి వచ్చింది. కూరగాయల తొక్కులు పశువుల కుడితిలోకి పోయే ఏర్పాటు లేదు, ఎరువు అడిగే రైతు లేడు. వీధి చివర నగరపాలక సంస్థ కట్టిన ఇటుకల దొడ్డి ఒకటే దిక్కు. ఢిల్లీలో దానిని ఢలావ్ అంటారు. మూడు వైపుల గోడలు, ముందువైపు లారీకి దారి. ఇంటి చెత్తకు గృహస్థునితో సంబంధం ఆ ఢలావ్ వద్ద తెగిపోతుంది.

అక్కడినుండి లారీ ఎక్కడికి పోతుందన్న ప్రశ్న కాలనీవాసులు వేసుకోలేదు. నిజానికి సమాధానం దూరంలో లేదు. హస్త్‌సాల్ వద్ద, తిలక్ నగర్ వద్ద పల్లపు నేలలు చెత్తతో మెరక అవుతున్నాయి. ఇళ్ళ మురుగు మరొక దారి పట్టింది. ఒకప్పుడు సాహిబీ నది వరదనీటిని నజఫ్‌గఢ్ సరస్సు నుండి యమునకు చేర్చిన కాలువ, పశ్చిమ ఢిల్లీ కాలనీల మురుగును మోసే నజఫ్‌గఢ్ నాలాగా మారింది. వజీరాబాద్ దిగువన యమునలో కలిసే మాలిన్యంలో అతి పెద్ద వాటా దానిదే. నదిని నాలా అని పిలవడం అలవాటైన తరువాత అందులో ఏది వదలినా తప్పుగా తోచదు.

గుంటల నుండి కొండలకు

ఢిల్లీ నగరం ఇట్లా చెత్తతో పూడ్చి మూసివేసిన స్థలాలు పదిహేనుకు పైగా ఉన్నాయి. వాటిలో కొన్నింటిపై పార్కులు వెలిశాయి. యమున ఒడ్డున, సరాయ్ కాలేఖాన్ సమీపంలో 2004లో ప్రారంభమైన ఇంద్రప్రస్థ పార్కు అడుగున ఉన్నది పాత చెత్తే. చిన్న గుంటలు కాబట్టి త్వరగా నిండేవి; నిండగానే మట్టి కప్పి మరొకచోటికి పోయేవారు. ఆ పద్ధతికి 1980లలో కాలం చెల్లింది. పల్లపు నేలలు ఒకటొకటిగా నివాస స్థలాలవుతున్నాయి. అప్పుడు నగరం మూడు పెద్ద స్థలాలను ఎంచుకొన్నది. తూర్పున గాజీపుర్ 1984లో, ఉత్తరాన భల్‌స్వా 1994లో, దక్షిణాన ఓఖ్లా 1996లో చెత్తను స్వీకరించడం మొదలుపెట్టాయి. పశ్చిమాన గుంటలు మూతపడ్డాయి. జనక్‌పురి చెత్త ఇప్పుడు మరొక దిక్కు పొలిమేరకు ప్రయాణం కట్టింది. ఒకప్పుడు నగరపు చెత్త చేరిన అంచు, తన చెత్తను ఇతరుల అంచుకు పంపే నగరమైంది.

గాజీపుర్ 2002 నాటికే నిండిపోయింది. ప్రత్యామ్నాయం లేనందున ఆ తరువాత కూడా అక్కడే పోశారు. గుంట పూడి, దిబ్బయై, కొండయై 2019 నాటికి సుమారు 65 మీటర్ల ఎత్తుకు చేరింది. కుతుబ్ మీనార్ ఎత్తు 73 మీటర్ల లోపే. 2017 సెప్టెంబరు 1న ఆ కొండలో ఒక భాగం కూలి పక్కనున్న కాలువలో పడింది. ఎగసిన నీరు, చెత్త రోడ్డుపై వెళ్తున్న వాహనాలను ఈడ్చుకుపోగా ఇద్దరు మరణించారు. 2022 ఏప్రిల్‌లో భల్‌స్వా కొండ రోజుల తరబడి మండింది. జాతీయ హరిత న్యాయస్థానం ఆదేశంతో 2019లో ఈ మూడు కొండలనూ తవ్వి, జల్లించి, తరలించే పని మొదలైంది. అప్పటి అంచనా ప్రకారం అక్కడ పేరుకొన్నది 280 లక్షల టన్నులు. గడువులు పలుమార్లు పొడిగించారు.

కొలిమి ఎందుకు వెలగలేదు

పోయడానికి చోటు లేకపోతే కాల్చివేయవచ్చునన్న ఆలోచన కూడా ఢిల్లీకి కొత్తది కాదు. 1987లో తిమార్‌పుర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో ఒక దహన కర్మాగారం నెలకొల్పారు. రోజుకు 300 టన్నుల చెత్తను కాల్చి 3.75 మెగావాట్ల విద్యుత్తు తీయడం లక్ష్యం. కొన్ని వారాల ప్రయోగానికి మించి అది నడవలేదు, 1990లో మూతపడింది. కారణం యంత్రంలో లేదు, చెత్తలో ఉంది. కర్మాగారానికి కావలసిన ఉష్ణశక్తిలో సగం కూడా ఢిల్లీ చెత్త ఇవ్వలేకపోయింది. అందులో సగభాగం తడి వంటింటి వ్యర్థం, మిగిలినదానిలో అధికభాగం మట్టి, బూడిద. మండగల కాగితం, అట్ట, ప్లాస్టిక్ ఢలావ్ చేరకముందే విడిపోయాయి.

వాటిని విడదీసింది ఎవరు? ఇంటింటికీ తిరిగి పాత కాగితాలు, సీసాలు, ఇనుము కొనే కబాడీవాలా. ఢలావ్ గోడల మధ్య కూర్చొని ఏరుకొనే స్త్రీలు, పిల్లలు. ఏ మునిసిపల్ రిజిస్టరులోనూ లేని ఈ శ్రామికులు నగరానికి ఖర్చు లేకుండా చెత్త బరువును తగ్గిస్తున్నారు. వీరు లేని దేశపు చెత్త కోసం రూపొందిన యంత్రం ఇక్కడికి వచ్చి ఆకలితో ఆగిపోయింది. తరువాతి కాలంలో ఇదే ఆలోచన పెద్ద ఎత్తున తిరిగివచ్చింది. ఓఖ్లా విద్యుత్ కర్మాగారం 2012లో పనిచేయసాగింది. పొగపై ఆందోళన చెందిన సమీప కాలనీవాసులు అంతకుముందే, 2009లోనే న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. నరేలా-బవానా, తెహ్‌ఖండ్ కర్మాగారాలు కూడా ఆ తరువాత వచ్చాయి.

ఏరివేత శ్రమలోని ప్రమాదం ఎంతటిదో జనక్‌పురికి కొద్ది దూరంలోని మాయాపురి పాత ఇనుము బజారులో 2010లో వెల్లడయింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో 1985 నుండి వాడకుండా పడివున్న ఒక గామా వికిరణ యంత్రాన్ని ఆ సంవత్సరం ఫిబ్రవరిలో వేలంలో అమ్మారు. మాయాపురి దుకాణాలలో దానిని విప్పినప్పుడు లోపలి కోబాల్ట్-60 ముక్కలు బయటపడ్డాయి. అవేమిటో విప్పినవారికి తెలియదు. ఏప్రిల్‌లో పలువురు ఆసుపత్రి పాలయ్యారు; ఒకరు మరణించారు. విద్యావంతుల సంస్థ చెత్తగా భావించి వదిలించుకొన్నదాని పర్యవసానాన్ని చేతులతో పనిచేసేవారు అనుభవించారు. వదిలించుకోవడం అంటే మరొకరికి అప్పగించడమేనన్న సత్యాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన సంఘటన మరొకటి లేదు.

చీపురు పట్టిన చేయి

పారిశుద్ధ్య కార్మికుల స్థితిని స్వతంత్ర భారతం పట్టించుకోలేదనడం సరికాదు. పట్టించుకొన్నంతగా మార్చలేకపోయిందనడమే సమంజసం. గాంధీజీ 1946-47లో ఢిల్లీ వాల్మీకి మందిరంలో, పారిశుద్ధ్య కార్మికుల వాడలోనే నివసించారు. దశాబ్దం తిరిగిన తరువాత, 1957 జూలై 31న, అదే నగరంలో వారి సమ్మె సందర్భంగా జరిగిన పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించాడు. మలినం ఎత్తే పనిపై వంశపారంపర్య హక్కుల విషయాన్ని పరిశీలించేందుకు కేంద్ర ప్రభుత్వం నియమించిన మల్కానీ సంఘం నివేదిక ఇచ్చింది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. 2013లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది.

ఈ రెండు చట్టాల మధ్యకాలపు ఉద్యమంలో తెలుగువారి పాత్ర చెప్పుకోదగినది. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పారిశుద్ధ్య పనివారి తెలుగు కుటుంబంలో జన్మించిన బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్‌లో సుదీర్ఘకాలం పేదల పక్షాన నిలిచిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ప్రభృతులతో కలిసి 1990ల మధ్యలో సఫాయి కర్మచారీ ఆందోళన్ సంస్థను నిర్మించారు. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యంపై 2014 మార్చిలో తీర్పు వెలువడింది. 1993 నుండి మురుగుకాలువల్లో మరణించిన ప్రతి కార్మికుని కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారమివ్వాలని న్యాయస్థానం ఆదేశించింది. 2023 అక్టోబరులో మరొక తీర్పు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెంచవలసి రావడమే మరణాలు ఆగలేదనడానికి సాక్ష్యం.

పొలిమేర ముగిసిన చోట

ఢిల్లీ వీధుల చెత్తపై బి.ఎల్. వధేరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 మార్చి 1న తీర్పునిస్తూ, నగరాన్ని శుభ్రంగా ఉంచడం నగరపాలక సంస్థల చట్టబద్ధమైన విధి అని, నిధుల కొరత దానికి మినహాయింపు కాజాలదని స్పష్టం చేసింది. అదే సంవత్సరం అల్మిత్రా పటేల్ దాఖలు చేసిన వ్యాజ్యం 2000 సంవత్సరపు పురపాలక వ్యర్థాల నిబంధనలకు దారితీసింది. తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలను ఇంటిలోనే మూడుగా వేరుచేయాలని 2016 నిబంధనలు గృహస్థునికి బాధ్యత అప్పగించాయి. పూబెల్ ఉత్తర్వుకూ దీనికీ మధ్య 130 సంవత్సరాలకు పైగా గడిచాయి.

ఇది అసాధ్యమైన పని కాదు. నల్గొండ జిల్లాలో అప్పుడు భాగంగా ఉన్న సూర్యాపేట పట్టణం 2000 తరువాతి తొలి సంవత్సరాలలో ఇంటింటి సేకరణతో, తడి చెత్తను ఎరువుగా, పొడి చెత్తను అమ్మకపు సరుకుగా మార్చి, వీధిలో చెత్తకుండీలు లేని ఊరుగా దేశమంతటా పేరు తెచ్చుకొన్నది. అక్కడ పనిచేసినది ఖరీదైన యంత్రం కాదు. వేరుచేసిన చెత్త, దానికి వెల కట్టిన లెక్క, ప్రతిరోజూ తెల్లవారుజామున వీధిలో నిలబడిన అధికారి. నిజానికి భారత గడ్డపైనే, ఇందూరులో ఆల్బర్ట్ హోవర్డ్ 1931 నాటికి వ్యర్థాల నుండి ఎరువు చేసే శాస్త్రీయ పద్ధతిని రూపొందించారు. ఆ దశాబ్ది చివర బెంగుళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణ చెత్తకు అనువైన మరొక పద్ధతిని చూపారు. విద్య మనకున్నది. మధ్యలో తెగిపోయినది చెత్తకూ పొలానికీ మధ్య ఉన్న దారి.

ఢిల్లీ మహానగరం రోజుకు దాదాపు 11,000 టన్నుల చెత్తను కంటున్నది. కొత్త స్థలాల కోసం వెదకినప్పుడు సోనియా విహార్, ఘోండా గుజ్రాన్ పేర్లు వచ్చాయి. అక్కడివారు ఎదిరించారు, యమున వరద మైదానానికి ముప్పన్న ప్రశ్న తలెత్తింది. వారి ప్రతిఘటన స్వార్థమనడానికి ఎవరికి అర్హత ఉంది? తూర్పున ఘజియాబాద్, దక్షిణాన గురుగ్రామ్, పడమట బహదూర్‌గఢ్ — నగరానికి ఎటు చూసినా మరొక నగరమే ఎదురవుతున్నది. పొలిమేర ఇక జరిగే వీలు లేదు.

జనక్‌పురి నివాసికి ఈ చరిత్రలో ఒక ప్రత్యేకమైన స్థానముంది. అతని ఇంటి చుట్టుపట్ల నేల ఒకప్పుడు ఇతరుల చెత్తను మోసింది. అతని ఇంటి చెత్త నేడు ఇతరుల నేలపై మోపబడుతున్నది. ఉదయం తలుపు ముందుకు వచ్చే చెత్తబండి మనిషికి తడి, పొడి వేరుచేసిన రెండు బుట్టలు అందించడం చూడడానికి అల్పమైన పనే. కాని దానివల్ల ఆ మనిషి కుళ్ళిన అన్నంలో చేయి పెట్టి సీసాలు ఏరుకోవలసిన అవసరం తప్పుతుంది. చెత్త కొండకు ఒక బుట్ట తగ్గుతుంది. ఎక్కడో ఒక పొలానికి ఎరువు చేరే అవకాశం కలుగుతుంది. హస్త్‌సాల్ మీనారును కాపాడుకోవడం పురావస్తు శాఖల పని. దాని నీడలో పూడ్చిన చెత్తను మరువకుండా ఉండడం పౌరుని పని.